ఒక్క మాత్ర ఎక్కువ

బాబాయి తాగడు. ఆ సంగతి వీధి మొత్తానికీ తెలుసు కాబట్టే, ఆయన తాగి ప్రెస్సుకు వచ్చాడన్న వార్త అంత తొందరగా పాకింది. తాగేవాడు తాగితే అందులో చెప్పుకోవడానికి ఏముంది?

ఆయన ఇంట్లో ఉండి చదువుకునే అన్న కూతురు పిచ్చుక కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన ముందుగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పగటిపూట ఆయన నడుం వాల్చడం ఆ అమ్మాయి ఎప్పుడూ చూడలేదు. గుమ్మం దగ్గర, ప్రెస్సులో ఆయనతోపాటు కాగితం కోసే మిషను మీద పనిచేసే మీసాలాయన నిలబడి ఉన్నాడు. లోపలికి రాడు, వెళ్ళిపోడు. ఒక కాలి చెప్పు విడుస్తాడు, తొడుక్కుంటాడు, మళ్ళీ విడుస్తాడు.

"నేనేం కావాలని చెప్పలేదు వదినా," అంటున్నాడు పిన్నితో. "పొద్దున ఒక దొంతర అట్టలు వంకరగా కోసేశాడు అన్న. పోనీలే అని ఊరుకున్నా. తర్వాత నేనింకా కాగితం సర్దుతూనే ఉన్నా, ఉన్నపళాన బ్లేడు దించే బొత్తాలు నొక్కబోయాడు. నేను చేతులు లాక్కోకపోతే..." మాట ఆపి తన వేళ్ళకేసి చూసుకున్నాడు, అన్నీ ఉన్నాయా లేవా అన్నట్టు. "వెళ్ళి మేనేజరుకి చెప్పేశా."

"తాగారని చెప్పావా?"

"తూలుతున్నాడని చెప్పా. తాగాడని అన్నది మేనేజరు. గచ్చు మీద పలకల మధ్య గీత ఉంటుంది చూడు, దాని మీద నడవమన్నాడు. నడవలేకపోయాడు."

మిగతాది మీసాలాయన చెప్పలేదు. బైండింగు సెక్షను సెక్షనంతా పని ఆపి చూసిందనీ, ఎవరో ఈల వేశారనీ, ఇంకెవరో "పట్టుకోండ్రా పెళ్ళికొడుకుని" అన్నారనీ పిచ్చుకకు తర్వాత తెలిసింది.

ఆయన వెళ్ళాక పిన్ని మంచం దగ్గరికి వచ్చి, "నోరు తెరవండి," అంది. బాబాయి బుద్ధిగా తెరిచాడు. పిన్ని వంగి వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఏ వాసనా లేదు. దానితో ఆమె మొహం తేలికపడాల్సింది, ఇంకా బిగుసుకుంది.

"తాగారా?"

"తాగితే నీకు చెప్పనా?" అన్నాడాయన. ఆ మాటే ముద్దముద్దగా వచ్చింది, బుగ్గన ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు.

సాయంత్రం భోజనం దగ్గర ఆయన మంచినీళ్ళ కోసం చెయ్యి చాపి, గ్లాసుకు జానెడు దూరాన గాలిని పట్టుకున్నాడు. కాసేపు గ్లాసుకేసి చూశాడు. ఒక కన్ను మూసుకుని చూశాడు.

"నాకొక్కడికి రెండు గ్లాసులెందుకే?"

"ఒకటే పెట్టాను," అంది పిన్ని.

"ఓహో," అని, ఆ ఉన్న ఒక్కదాన్నీ రెండు చేతులతో పట్టుకుని తాగాడు. నవ్వించడానికే అన్నట్టు నటించాడు గాని, ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

*

మర్నాడు పొద్దున పిచ్చుక గోడకు ఆనుకుని కూర్చుని మెడిసినల్ కెమిస్ట్రీ చదువుకుంటోంది. మందుల నిర్మాణాలను చూడకుండా గియ్యడం రావాలి: ఏ ఉంగరానికి ఎన్ని మూలలు, ఏ మూలన ఏది వేలాడుతుంది. పెదవులు కదుపుతూ, గొణుక్కుంటూ గీస్తుంది. ఆ గొణుగుడు విని బాబాయే ఆ పేరు పెట్టాడు. రోజూ పొద్దున ఎదురుపడితే చాలు, "ఏం పిచ్చుకా, ఇవాళ ఏం గింజలు?" అంటాడు. ఇవాళ అనలేదు. గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు, గోడ పట్టుకునే తిరిగొచ్చి పడుకున్నాడు.

పిన్ని వెనకగదిలో స్కూలు యూనిఫాం చొక్కాలకు కాలర్లు కుడుతోంది. దారం తెగింది. ఎక్కించింది. మళ్ళీ తెగింది.

"ఆ జబ్బయితే కాదు," అంది తనలో తాను. "మాత్ర ఒక్కపూట కూడా మానరు కదా."

పిచ్చుక పెన్సిలు ఆగింది. "ఏ మాత్ర పిన్నీ?"

పిన్ని కాలరు పక్కన పెట్టింది. అన్న మాటను వెనక్కి తీసుకునే దారి ఏమైనా ఉందా అని వెతికి, లేదని తేల్చుకుని, "తలుపు దగ్గరికి వెయ్యి," అంది.

ఆయనకు మూర్ఛ ఉంది. ఇల్లు వదిలి పనికి వచ్చిన కొత్తలో మొదలైంది. మాత్రలు వేసుకుంటున్నంతకాలం రాదు, రాక ఏళ్ళయింది. ఆ సంగతి వాళ్ళిద్దరికీ, ఆస్పత్రి డాక్టరుకూ తప్ప నరమానవుడికి తెలియదు.

"మీ నాన్నక్కూడా తెలీదు. నువ్వెక్కడైనా నోరు జారావంటే మీ బాబాయి జన్మలో నా మొహం చూడరు."

మాత్రలు ఆయన గడ్డం గీసుకునే సామాను పెట్టుకునే డబ్బాలో, బ్రష్షు కింద ఉన్నాయి. పిచ్చుక అట్ట వెనక్కి తిప్పి సన్నటి అక్షరాలు చదివింది. ఫెనిటోయిన్. అది తన నోట్సులో ఉంది: అయిదు మూలల ఉంగరం, ఒకే మూలన రెక్కల్లా రెండు బెంజీను ఉంగరాలు. తేలికగా గుర్తుంటుందని ఆ బొమ్మంటే ఆమెకు ఇష్టం కూడా. దాన్ని గీస్తే ఎన్ని మార్కులొస్తాయో తెలుసు. దాన్ని మింగే మనిషి ఒకడు ఉంటాడనీ, వాడు పక్కగదిలోనే ఉంటాడనీ ఎన్నడూ తోచలేదు. పుస్తకంలో దాని కింద రాసి ఉన్న దుష్ఫలితాల్లో మొదటిది, చిగుళ్ళు వాయడం. బాబాయి నవ్వితే పళ్ళకన్నా చిగుళ్ళే ముందు కనిపిస్తాయి. అది వంశపారంపర్యం కాబోలు అనుకుని, అద్దంలో తన చిగుళ్ళు కూడా చూసుకున్న రోజులున్నాయి. దాని కిందే, మోతాదు మించితే తూలడం, నల్లగుడ్లు నిలవకపోవడం అని ఉంది.

ఆమె వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

"బాబాయ్, తల కదపకుండా నా వేలు చూడు."

"ఏం పరీక్షే ఇది?" అంటూనే చూశాడు. వేలు పక్కకి జరిగింది. నల్లగుడ్లు వేలి వెంట వెళ్ళి, చివర నిలవలేక, చిన్నచిన్నగా వెనక్కి గెంతాయి. మళ్ళీ వెళ్ళాయి, మళ్ళీ గెంతాయి.

"రోజుకి ఎన్ని వేసుకుంటున్నావు?"

"ఏంటి వేసుకునేది?"

"పిన్ని చెప్పింది."

బాబాయి పైకప్పుకేసి చూశాడు. "మీ పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు."

"ఎన్ని?"

"డాక్టరు చెప్పినన్నే."

"బాబాయ్."

"...దాని మీద ఇంకొకటి. ఒక్కటేనే! విషమేం మింగలేదుగా."

"ఎవరు వేసుకోమన్నారు?"

ఆయన లేచి కూర్చుని, వీపు గోడకు ఆనించుకుని, రెండు చేతులూ ముందుకు చాపి అరచేతులు కిందికి పెట్టాడు, మిషను బొత్తాల మీద పెట్టినట్టు.

"పోయిన నెల్లో ఒకరోజు ఈ భుజం దానంతటదే ఎగిరింది. అంతే. మళ్ళీ రాలేదు. కానీ పిచ్చుకా, బ్లేడు దిగాలంటే నా చేతులు రెండూ ఇక్కడ ఉండాలి. నాకేం కాదు. కాగితం అంచులు సర్దుతూ అవతలవైపు ఉండేవి వాడి చేతులు. నాకు తెలీకుండా నా చేతులు గనక నొక్కేస్తే?" చేతులు ఒళ్ళోకి తీసుకున్నాడు. "అందుకని జాగ్రత్తకి ఒక మాత్ర ఎక్కువ."

"చెప్పకూడదూ?"

"ఎవరికి?"

పిచ్చుక లేచి కాలేజీ సంచి భుజాన వేసుకుంది.

*

క్లినికల్ ఫార్మకోకైనటిక్స్ చెప్పే మేడమ్‌ని పిల్లలు చాటుగా 'గ్రాఫమ్మ' అంటారు. మనిషి ఒంట్లోకి వెళ్ళిన మందు ఎంత పెరుగుతుంది, ఎంతసేపట్లో తగ్గుతుంది అన్నది గీత గీసి చూపించందే ఆవిడ నమ్మదు, నమ్మనివ్వదు. పిచ్చుక వెళ్ళేసరికి తన గదిలో లాబ్ రికార్డులు దిద్దుతోంది.

"మేడమ్, ఒకాయన ఉన్నాడనుకోండి..."

"అనుకోను," అందావిడ తలెత్తకుండా. "ఒకాయన అనే మనిషికి డోసు కట్టలేం. వయసు చెప్పు. బరువు చెప్పు. ఇంకేం మందులు వాడతాడో చెప్పు."

పిచ్చుక చెప్పింది. మందు పేరు వినగానే ఎర్రపెన్ను ఆగింది.

"నడక?"

"తూలుతున్నాడండీ."

"చూపు?"

"ఒకటి రెండుగా కనిపిస్తోంది. మాట కూడా ముద్దగా వస్తోంది."

"పోయిన పరీక్షలో నువ్వేం రాశావు? డోసు ఎంత పెంచితే రక్తంలో మందు కూడా అంతే వంతున పెరుగుతుందని."

"రాశానండీ. సున్నా వేశారు."

"సున్నా ఎందుకో ఇప్పుడు చూడు." ఆవిడ చిత్తుకాగితం లాక్కుని గీత గీసింది. గీత కొంతదూరం మామూలు మనిషిలా నడిచి, ఉన్నట్టుండి గోడెక్కినట్టు నిటారుగా లేచింది. "లివర్లో ఈ మందుని ఖర్చు చేసే కౌంటర్లు కొన్నే. వేరే మందులకైతే ఎందరొచ్చినా ఖాళీ కౌంటరు దొరుకుతుంది. దీనికి మామూలు డోసుకే అన్నీ నిండిపోయుంటాయి. ఆపైన వచ్చినవాళ్ళు వచ్చినట్టు వరండాలో నిలబడిపోతారు. ఇవాళ వచ్చినవాళ్ళ వెనక రేపటివాళ్ళు. గోరంత పెంచితే కొండంత. అది కూడా మెల్లగా పెరుగుతుంది కాబట్టి మొదట్లో ఆయనకేం తెలిసుండదు."

"అయితే మాత్రలు ఆపెయ్యమని చెప్పనాండీ?"

"నువ్వేం చెప్పకు. ఒక్కసారిగా ఆపితే అసలు జబ్బే పైకి లేస్తుంది. ఎంత తగ్గించాలో డాక్టరు చెప్పాలి. ఇవాళే ఆస్పత్రికి తీసుకొచ్చి రక్తపరీక్ష చేయించు. నడిపించకు, బండి మాట్లాడుకో." ఆవిడ మళ్ళీ రికార్డు అందుకోబోయి ఆగింది. "ఆయన చేసే పనేంటి?"

పిచ్చుక కాగితం కోసే మిషను గురించి చెప్పింది. బొత్తాల గురించి, మీసాలాయన గురించి, గచ్చు మీద గీత గురించి. జబ్బు సంగతి ప్రెస్సులో ఎవరికీ తెలీదనీ చెప్పింది. మేడమ్ పెన్నుకు మూత పెట్టింది.

"ఆయన జబ్బు ఆయన రహస్యం. బయటపెట్టే హక్కు నీకు లేదు. కానీ రెండో మనిషి వేళ్ళు రహస్యం కాదు. ఆ మాట ఆయనతో అను. ఆయనతోనే."

*

రక్తంలో మందు ఉండాల్సిన హద్దుకు ఇంచుమించు రెండింతలుంది. "సొంత వైద్యం చేసుకునేవాళ్ళకి నేనెందుకయ్యా?" అని డాక్టరు విసుక్కుని, ఎక్కువైన మందు రక్తంలోంచి దిగేదాకా మాత్ర ఆపి, మళ్ళీ పాత లెక్కకే రమ్మన్నాడు. భుజం ఎగిరితే తనకు చెప్పాలి గాని, తానే డోసు పెంచుకోకూడదన్నాడు. బాబాయి స్కూల్లో మందలింపు తిన్న పిల్లాడిలా తలూపాడు.

తగ్గడం కూడా మెల్లగానే తగ్గింది. ముందు మాట తేటపడింది. తర్వాత గ్లాసులు ఒకటయ్యాయి. ఒక పొద్దున ఆయన పెరట్లో బట్టలారేసే తీగ కింద, ఎవరూ చూడటం లేదనుకుని, కాలి ముందు కాలు వేస్తూ ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. వంటింటి కిటికీలోంచి పిన్ని చూసింది. గరిటె పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయల మీద నెపం పెట్టింది. పొయ్యి మీద ఉన్నవి పాలు.

ఆ సాయంత్రమే మీసాలాయన వచ్చాడు. మర్నాడు పనిలోకి రావచ్చనీ, అయితే ముందు సెక్షనులో అందరి ఎదుటా ఇంకెప్పుడూ తాగి రానని చెప్పాలనీ మేనేజరు కబురు. చెప్పేసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

"నువ్వు చెప్పేదేం లేదు బాబాయ్," అంది పిచ్చుక. రక్తపరీక్ష రిపోర్టు ఆమె చేతిలోనే ఉంది. "ఇది తీసుకెళ్ళి ఆ మేనేజరు బల్ల మీద పెడదాం. నవ్వినవాళ్ళందరూ నోరు మూసుకుంటారు."

"పెట్టేదేం లేదు."

"తాగనివాడివి తాగానని ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా." ఆయన కోపంగా లేడు. చొక్కాకు ఊడిన గుండీ కుట్టుకుంటున్నాడు. సూదిలో దారం ఒక్క ఊపున ఎక్కించాడు. "తాగినవాణ్ణి నాలుగు రోజులు తిడతారు, నవ్వుతారు, మర్చిపోతారు. మూర్ఛ ఉన్నవాణ్ణి ఎవరూ తిట్టరే. వచ్చిన చిక్కే అది. లేస్తే చూస్తారు, కూచుంటే చూస్తారు. తుమ్మినా పట్టుకోడానికొస్తారు. చచ్చేదాకా మరవరు."

"పదిమందీ నిన్ను తాగుబోతంటుంటే నేను వినలేను."

"చెవుల్లో దూది పెట్టుకో."

"మరి మిషనో?" ఆమె గొంతు లేచింది. "రేపు మళ్ళీ ఆ బొత్తాల మీద చేతులు పెడతావు. మాత్ర తగ్గింది. మళ్ళీ భుజం ఎగిరితే? నీ జబ్బు నీ రహస్యం. ఆయన వేళ్ళు రహస్యం కాదు."

సూది ఆగింది. పిన్ని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బాబాయి గుండీ చుట్టూ దారం తిప్పి, ముడి వేసి, పంటితో తెంపి, చొక్కా మడత పెట్టాడు.

పిచ్చుక రిపోర్టును కాలేజీ సంచిలో పుస్తకాల మధ్య పెట్టుకుంది. ఆయన మిషను దగ్గరికి వెళ్తే చెప్పెయ్యడమే. మేడమ్ వద్దన్నా సరే, ఆయన జన్మలో మాట్లాడకపోయినా సరే.

*

"నీకు కాలేజీ లేదా?" అన్నాడు బాబాయి మర్నాడు.

"దారేగా," అంది పిచ్చుక. ప్రెస్సు దారిలో లేదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

బైండింగు సెక్షను పొడుగాటి రేకుల షెడ్డు. ఒకవైపు వరసగా బల్లలు, వాటి మీద ఫారాల గుట్టలు, పుస్తకాలకు మడవాల్సిన అచ్చు కాగితాలు. చివర ఆకుపచ్చరంగు మిషను. గాలిలో జిగురు వాసన. మేనేజరు ముక్కు మీద కళ్ళజోడుతో మధ్యలో నిలబడ్డాడు. జనం పని ఆపలేదు గాని, చేతులు నెమ్మదించాయి.

"చెప్పవయ్యా. అందరూ వినేట్టు."

"ఇంకెప్పుడూ తాగి రాను సార్," అన్నాడు బాబాయి. చదువు అప్పజెప్పినట్టు, ఏ వంకరా లేకుండా.

"అన్నా, మాకు చెప్పకుండా ఒక్కడివే తాగడం ఏం న్యాయం?" అని ఒక మూల నుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో విషం లేదు. ఇన్నేళ్ళూ టీ తప్ప ముట్టకుండా, జీతాల రోజు ఎవరితోనూ కలవకుండా తలొంచుకుని ఇంటికి పోయే మనిషి ఇవాళ్టికి తమలో ఒకడయ్యాడన్నట్టుంది. నవ్వనివాడు మీసాలాయన ఒక్కడే. అతను మిషనుకు ఆనుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"సరే, వెళ్ళు. మిషను ఖాళీగా ఉంది," అన్నాడు మేనేజరు.

పిచ్చుక చెయ్యి సంచి జిప్పు మీదికి వెళ్ళింది.

"ఇంకో మాట సార్," అన్నాడు బాబాయి. "మిషను నాకొద్దు. ఫారాలు మడత పెట్టే బల్ల దగ్గర కూచుంటాను."

చేతులు నెమ్మదించినవాళ్ళు ఇప్పుడు పూర్తిగా ఆపేశారు. మడతబల్ల కొత్తగా చేరినవాళ్ళది. అట్ట అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా కొయ్యగలిగినవాడు ఆ షెడ్డులో ఈయన ఒక్కడే.

"అలిగావా ఏంటయ్యా?"

"లేద్సార్. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు."

అక్కడ ఆ పొద్దున ఆయన అన్న మాటల్లో నిజమైనది అదొక్కటే. అందరూ దాన్నే సిగ్గుపడి అన్న మాట అనుకున్నారు.

"మరి మిషను ఎవరు చూస్తారు?"

"వీడికి వచ్చు." మీసాలాయనను చూపించాడు. "నేను ఎదురుగానే ఉంటా. తేడా వస్తే చెప్తా."

"అంత మాటెందుకన్నా," అన్నాడు మీసాలాయన చంకల్లోంచి చేతులు తీసి. "నేనేదో భయపడి చెప్పాను గాని..."

"భయపడాల్సిందే. చెప్పాల్సిందే," అన్నాడు బాబాయి. "నేనైనా అదే చేద్దును."

మేనేజరుకు ఇంత పశ్చాత్తాపం ఊహించని విషయం. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, అప్పుడు గుమ్మం దగ్గరున్న పిచ్చుకను చూశాడు.

"నువ్వేనా మందుల చదువు చదివే పిల్లవి?"

"అవునండి."

"చదువుకున్నదానివి ఇంట్లో ఉండి ఏం లాభం? ఆయన మందు మానాడా లేదా? నిజం చెప్పు."

షెడ్డంతా ఆమెకేసి తిరిగింది. బాబాయి కూడా చూశాడు. బతిమాలినట్టు చూడలేదు, కోసిన దొంతర అంచు సరిగ్గా వచ్చిందో లేదో చూసినట్టు చూశాడు. పిచ్చుక చెయ్యి ఇంకా జిప్పు మీదే ఉంది. వేళ్ళకు పుస్తకాల అంచులు తగులుతున్నాయి.

"మానలేదండి," అంది. "తగ్గించాడు."

షెడ్డు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, "అదీ నిజమంటే! పోనీ, అబద్ధం చెప్పలేదు," అన్నాడు. ఎవరో బాబాయి వీపు మీద చరిచారు. పిచ్చుక చెవులు వేడెక్కాయి. బాబాయిని తాగుబోతన్నవాళ్ళ మీద ఇన్నాళ్ళూ పళ్ళు నూరింది. ఇప్పుడా మాటకు అందరి ఎదుటా సాక్ష్యం పలికింది తనే.

జనం ఎవరి పనికి వాళ్ళు మళ్ళారు. బాబాయి మడతబల్ల చివర స్టూలు లాక్కుని కూర్చుని, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. ఫారం ఒకటి తీసి, మూలకు మూల ఆనించి, మడిచి, చెక్కబద్దతో మడత మీద ఒక్కసారి గట్టిగా రాశాడు. పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. షెడ్డు చివర మీసాలాయన బొత్తాల ముందు నిలబడి, "చేతులు!" అని అరిచాడు. అవతలివైపు మనిషి రెండు చేతులూ తల మీదికి ఎత్తాడు. బ్లేడు దిగింది. ఆ చప్పుడుకు బాబాయి భుజాలు కొద్దిగా బిగిశాయి. తల మాత్రం ఎత్తలేదు.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు కాసేపటికి, మడత మీంచి చూపు తిప్పకుండా. "క్లాసు లేదూ?"

"ఉంది," అని పిచ్చుక బయల్దేరింది.